కచేరీకి గంజి చొక్కా

తెలంగాణ రాష్ట్రం వచ్చిన మూడో యేడు మాఘమాసంలో, కొల్లాపూర్ వెళ్లి ఒక వీణ కచేరీని రికార్డు చేసుకుని రమ్మని నాకు ఆఫీసు ఉత్తర్వు అందింది. అప్పుడు నేను రేడియోలో సీనియర్ ఇంజనీరింగ్ అసిస్టెంటును. వినడానికి పెద్ద హోదాలా ఉంటుంది గానీ మా శాఖలో మెట్లు తక్కువే. అడుగున టెక్నీషియన్, ఆ పైన ఇంజనీరింగ్ అసిస్టెంట్, తల నెరిసేదాకా ఓపిక పట్టినవాడు సీనియర్. కళాకారులను పిలవడం, ఏం వాయించాలో మాట్లాడుకోవడం ప్రోగ్రాం విభాగం వాళ్ల పని. మైకు ఎక్కడ పెట్టాలి, చప్పుడు ఎట్లా వస్తోంది అన్నది మా పని. స్టూడియో దాటి బయట చేసే రికార్డింగును మేము ఓబీ అంటాం. ప్రోగ్రాం అధికారి వేరే పనిమీద ఉన్నందున ఈ ఓబీ బాధ్యత మొత్తం నాదేననీ, సాయంగా టెక్నీషియన్ యాదగిరి వస్తాడనీ ఉత్తర్వులో ఉంది. టైపు చేసిన అక్షరాల కింద మా అధికారి చేత్తో ఇంకో ముక్క రాశాడు. రెండోసారి వీలు కాదు, జాగ్రత్త అని.

రెండోసారి ఎందుకు వీలు కాదో చెప్పాలి. వీణ వాయించాల్సిన అనసూయమ్మ గారికి అప్పటికి డెబ్భై నాలుగేళ్లు. కొల్లాపూర్ ఆడపిల్లల బడిలో సంగీతం టీచరుగా పనిచేసి విరమణ పొందారు. వయసులో ఉన్నప్పుడు రేడియో ఆడిషన్‌కు రెండుసార్లు పిలుపు వచ్చిందట. ఒకసారి పురుడు, ఇంకోసారి ఇంట్లో చావు అడ్డం వచ్చాయి. ఆ తర్వాత ఆమెను ఎవరూ పిలవలేదు, ఆమె ఎవరినీ అడగలేదు. ఇప్పుడు కుడి మణికట్టులో నరం నొక్కుకుపోయి, ఒక గంట వాయిస్తే వేళ్లు మొద్దుబారుతున్నాయి. పాలమూరు దవాఖానలో ఆపరేషన్‌కు రోజు ఖాయం చేశారు. చేసిన తర్వాత చేతితో అన్నం తినొచ్చు, చీపురు పట్టొచ్చు, వీణ మీటు మాత్రం ఇదివరకటిలా వస్తుందని మాట ఇవ్వలేమని డాక్టరు తేల్చి చెప్పాడు. అప్పుడు ఆమె శిష్యురాలొకామె సెల్‌ఫోన్‌లో పట్టిన పది నిమిషాల వాయిద్యాన్ని మా కేంద్రానికి పంపింది. దాన్ని మా గదిలో అందరం రెండుసార్లు విన్నాం. ఇటువంటి చేయి ఇన్నేళ్లు మనకు రెండు వందల కిలోమీటర్ల దూరంలో ఉండగా మనం ఏం చేస్తున్నాం అన్న సిగ్గు నాకైతే కలిగింది.

వీణను రికార్డు చేయడం తేలిక అనుకునేవాళ్లు మృదంగాన్ని రికార్డు చేసి ఉంటారు. వీణ తీగను మీటినప్పుడు వచ్చే చప్పుడు అందరికీ వినిపిస్తుంది. అసలు సంగీతం ఆ తర్వాత ఉంటుంది. మీటిన తీగ ఇంకా మోగుతుండగానే ఎడమచేతి వేలు దాన్ని మెట్టు మీద పక్కకు లాగి, ఒక స్వరంలోంచి ఇంకో స్వరం తీస్తుంది. అదే గమకం. అప్పటికి చప్పుడు సగానికి సగం తగ్గిపోయి ఉంటుంది. దాన్ని పట్టాలంటే కండెన్సర్ మైకు కావాలి. ఈ మైకు చెవి చాలా పదును. గమకాన్ని పట్టినంత శ్రద్ధగా పక్కవాడి పొట్టలో గుడగుడనూ పడుతుంది. ఏది సంగీతం, ఏది కాదు అన్న తెలివి దానికి లేదు.

అందుకే ముప్ఫై ఏళ్ల ఉద్యోగంలో నేను మగవాళ్ల బట్టలను రంగును బట్టి కాక చప్పుడును బట్టి గుర్తుపట్టడం నేర్చుకున్నాను. పట్టు పంచె కట్టుకున్నవాడు తాళం వేస్తే ప్రతి దెబ్బకూ సుయ్ సుయ్ మంటుంది. సఫారీ సూటు వేసుకున్నవాడు చేతులు కట్టుకుంటే ఒక చప్పుడు, విప్పితే ఇంకో చప్పుడు. కొత్త తోలు బెల్టు, ఊపిరి గట్టిగా పీలిస్తే చాలు, ఎద్దుబండి ఇరుసులా మూలుగుతుంది. జరీ అంచు కండువా భుజం మీంచి జారడం, దాన్ని మళ్లీ ఎగదోసుకోవడం ఒక కచేరీలో ఎన్నిసార్లు జరుగుతుందో లెక్క పెట్టబోయి మానేశాను. ఆడవాళ్ల గాజుల సంగతేమిటని కొత్తగా చేరిన కుర్రాళ్లు అడిగేవాళ్లు. ఆడవాళ్లు కూర్చునేటప్పుడే ఒకసారి సర్దుకుని కూర్చుంటారు, మగవాళ్లు మంగళం పాడేదాకా సర్దుకుంటూనే ఉంటారు అని చెప్పేవాణ్ని. నా మాట ఎవరికైనా కోపం తెప్పిస్తే, వచ్చి నా పాత టేపులు వినవచ్చు.

కొల్లాపూర్‌లో ఏర్పాట్లు చూసింది లింగారెడ్డి సారు. రిటైరైన హెడ్మాస్టరు, ఆహ్వాన సంఘానికి అధ్యక్షుడు. మాటకు, పనికి మధ్య సందు లేని మనిషి. కచేరీకి పది రోజుల ముందే నాకు ఫోన్ చేశాడు.

"సార్, మొగోళ్లు ఏం కట్టుకొని రావాలె? టీవీల చూస్తుంటే పెద్ద పట్నాల అందరు తెల్లగ మెరుస్తుంటరు. మనోళ్లను ఇడిసిపెడితే నైట్ ప్యాంట్ల మీద గూడ వస్తరు. టీచరమ్మ ఇజ్జత్ సవాల్ ఇది."

నాకు ఆ ప్రశ్న చెవుల్లో తేనె పోసినట్టు వినిపించింది. ఓబీకి ముందు ఇంజనీరును పిలిచి ఏం కట్టుకోవాలి అని అడిగినవాడు అంతకుముందు ఒక్కడూ లేడు. పట్టు వద్దు, టెరికాటన్ వద్దు, నూలు బట్టలు కట్టుకొని రమ్మనండి అన్నాను. తెల్లవేనా అని అడిగాడు. మైకుకు రంగు కనబడదు గానీ, ఆయన ముచ్చట చూసి తెల్లవైతే మరీ మంచిది అన్నాను. ప్లాస్టిక్ కుర్చీలు కిర్రుమంటాయి గనుక జంపఖానాలు పరిపించమనీ, ఆ గంటసేపు ఫ్యాన్లు బందు పెట్టమనీ కూడా చెప్పాను. అన్నీ రాసుకున్నాడు. ఫోన్ పెట్టేసి యాదగిరితో, ఈసారి మన పని సగం అయిపోయిందిరా అన్నాను.

ముందురోజు మధ్యాహ్నానికి సామాన్లతో కొల్లాపూర్ చేరాం. కచేరీ జూనియర్ కాలేజీ హాల్లో. రాతి నేల, సున్నం గోడలు. చప్పట్లు కొట్టి చూస్తే ఆ చప్పుడు గోడకు తగిలి తిరిగి వచ్చేది. మనుషులు నిండితే అది చాలావరకు తగ్గుతుంది. అక్కణ్నుంచి అనసూయమ్మ గారింటికి పోయాం.

చిన్న పెంకుటిల్లు. ఆమె సన్నగా, నిటారుగా ఉన్నారు. చేతికి గుడ్డపట్టీ చుట్టుకుని, మాకు చాయ్ పెట్టి ఇచ్చారు. వీణ కుండకు అతికించే చిన్న మైకు ఉంటుంది, దాన్ని పెడితే బయటి చప్పుళ్లు పెద్దగా రావు అని చెప్పాను. ఆమె ఒప్పుకోలేదు. అది పెడితే తీగ మాట వినొస్తది, చెక్క మాట వినరాదు అన్నారు. నిజమే. నాకు తెలిసిన ఇంజనీర్లలో సగం మందికి ఆ తేడా తెలియదు. పోనీ జనం లేకుండా ఇక్కడే, ఈ గదిలోనే రికార్డు చేసుకుందామా అని అడిగాను.

"గోడలకు నలభై ఏండ్లు వాయించిన నాయనా," అన్నారు. "ఒక్కసారి మనుషులకు వాయిస్త. అయినా ఉత్త గోడలు గావులే. ఎనకాల మావోళ్లున్నరు."

మావోళ్లు అంటే ఎవరో కాసేపటికి తెలిసింది. ఆమె ఇంటి వెనక కురుమల వాడ. వాళ్లు తెల్లవారకముందే లేచి, గొర్ల మందను విప్పుకుని ఆమె పెరటి గోడ పక్కగా పోతారు. ఆమె సాధన చేసేదీ అప్పుడే. నలభై ఏళ్లుగా వాళ్లు ఆ గోడకు ఆనుకుని కొంతసేపు నిలబడి, విని, తర్వాత మందను తోలుకుపోతారట. అందులో పెద్దవాడు బీరయ్య. ఆమె చెయ్యి సంగతి డాక్టరు కంటే ముందు పట్టింది అతనే. నిరుడు దసరా తర్వాత ఒకరోజు గోడ అవతలి నుంచి, పంతులమ్మా, నీ కుడిచెయ్యి జర దవాఖానల సూపియ్యరాదు, దెబ్బ సక్కగ పడ్తలేదు అన్నాడట. ఆమె ఆ మాట చెప్పి నవ్వారు. నేను నవ్వలేకపోయాను. మీటు బలం తగ్గడాన్ని గోడ అవతల నిలబడి పట్టిన చెవి నాకు లేదని నాకు తెలుసు.

మర్నాడు సాయంత్రం నాలుగున్నరకు కచేరీ. వీణ ముందు రెండు మైకులు పెట్టాను, కుండ దగ్గర ఒకటి, మెట్లకు ఎదురుగా ఒకటి. నా బల్ల వేదికకు ఎడమపక్క, ఆమెకు ఆరేడు అడుగుల దూరంలో. నాలుగు దాటగానే జనం రావడం మొదలైంది. లింగారెడ్డి సారు మాట నిలబెట్టుకున్నాడు. మగవాళ్లంతా తెలుపే. నూలు పంచెలు, నూలు లాల్చీలు, నూలు చొక్కాలు. ఒక్క పట్టు లేదు, ఒక్క టెరికాటన్ లేదు. కొల్లాపూర్ ఇంత అందంగా ఉంటుందని నేను అనుకోలేదు. కూర్చున్న వాళ్లు నలభై మందికి పైగా ఉంటారు. సంతోషంగా హెడ్‌ఫోన్ పెట్టుకుని మైకుల స్విచ్ వేశాను.

ఎండిన మక్కచేనులోకి గొడ్లు పడ్డట్టు వినిపించింది.

మొదట మైకు వైర్లలో ఏదో లోపం అనుకున్నాను. యాదగిరి చేత ఒక్కో వైరూ తీయించి పెట్టించాను. చప్పుడు పోలేదు. తలెత్తి చూస్తే, ముందు వరుసలో ఒకాయన మోకాలు మార్చుకున్నాడు, చెవిలో ఫెళఫెళమంది. అప్పుడు వెలిగింది. గంజి. ఆ నూలంతా గంజిలో ముంచి, ఎండబెట్టి, బొగ్గుల ఇస్త్రీ కింద అట్టలా సాపు చేసి వచ్చింది. మడత విప్పిన కాగితంలా ప్రతి చొక్కాకూ నాలుగు గీతలు నిలబడి ఉన్నాయి. నూలు అన్నాను గానీ గంజి వద్దు అనలేదు. ఎవరినీ తప్పు పట్టడానికి లేదు. మాది మర్రిగూడ. వానకు పండితేనే పంట. మా ఇంట్లో గంజి అంటే తాగేది. అమ్మ బాపు చొక్కాకు గంజి పెట్టిందీ అంటే అది పెళ్లో, పెద్దమనుషుల సభో అయి ఉండాలి. కడుపుకు పోయేదాన్ని బట్టకు పెట్టుకుని పోవడం, ఎదుటివాడికి మనం ఇచ్చే గౌరవం. మామూలుగా ఉతికిన నూలు చొక్కాతో సభకు పోయినవాణ్ని మా దిక్కు పొలం నుంచి సీదా వచ్చాడంటారు. ఇవన్నీ తెలిసి పుట్టినవాణ్ని నేను. ముప్ఫై ఏళ్లు స్టూడియో చల్లదనంలో కూర్చుని మర్చిపోయాను.

లింగారెడ్డి సారును పిలిచి చెవిలో చెప్పాను. ఆయన అప్పటికప్పుడు వేదిక ముందుకు వచ్చి, ఎవరూ కదలొద్దు అని బడిపిల్లలకు చెప్పినట్టు చెప్పాడు. అందరూ బిగుసుకుని కూర్చున్నారు. గంజి బట్టలో బిగుసుకుని కూర్చున్న మనిషికి చెమట పడుతుంది, చెమట పట్టినవాడు మెడ దగ్గర సర్దుకుంటాడు. ఫ్యాన్లు నేనే బందు పెట్టించాను కదా.

నాలుగున్నరకు ఆమె వచ్చి నమస్కారం చేసి, శ్రుతి చూసుకుని, కల్యాణి ఆలాపన మొదలుపెట్టారు. పక్కన మృదంగం లేదు. వీణ ఒక్కటే. మొదటి మీటుకే నా వెన్ను నిటారైంది. సెల్‌ఫోన్‌లో విన్నది ఇందులో పావు వంతు కూడా కాదు. మీటిన ప్రతిసారీ, ఇప్పుడు వస్తుంది ఆ లోపలి స్వరం అని నేను ముందుకు వంగడం, సరిగ్గా అక్కడికే వచ్చేసరికి ముందు వరుసలో ఎవరో ఒకరు కదలడం. మీటు వచ్చేది, గమకం పోయేది. తర్వాత ఎడిటింగులో తీసేయొచ్చు కదా అని ఇప్పటివాళ్లు అడుగుతారు. రెండు చప్పుళ్లు ఒకదానిమీద ఒకటి పడ్డాక, బియ్యంలో కలిసిన ఉప్పును ఏరినట్టే. ఆమె చేతికి ఉన్నది గంట. గడియారం చూస్తే పది నిమిషాలు అయిపోయాయి.

వాయిస్తున్న కళాకారుణ్ని ఇంజనీరు ఆపకూడదు. ఇది మా దగ్గర రాసిపెట్టిన నియమం కాదు గానీ, రాసిపెట్టిన వాటికంటే గట్టిది. ఆపితే ఆమె మళ్లీ వాయించే మనసులో ఉంటారో లేదో తెలియదు. ఆపకపోతే, ఆమె చివరి కచేరీ అని మేము దాచుకునేది కొల్లాపూర్ చొక్కాల చప్పుడు అవుతుంది. లేచి నిలబడి చెయ్యి పైకెత్తాను.

ఆమె వీణ మీద చెయ్యి ఆనించి తీగల్ని ఆపారు. హాలంతా నావైపు తిరిగింది. ఆ తిరగడానికి కూడా పెద్ద చప్పుడైంది. నేను వేదిక దగ్గరికి పోయి, క్షమించండమ్మా, బట్టల చప్పుడు రికార్డులో పడుతోంది అన్నాను.

"నాకు వినొస్తలేదనుకున్నవా?" అన్నారు ఆమె మెల్లగా. "అందరికంటె ముందు నీ అంగి సంగతి సూడు నాయనా. నువ్వు గా మీటల మీద చెయ్యి ఆడిచ్చినప్పుడల్ల సప్పుడైతాంది. నా పక్కనే ఉన్నవు గద."

నా చొక్కా వైపు చూసుకున్నాను. మా ఆవిడ పెట్టెలో సర్ది ఇచ్చిన తెల్ల నూలు చొక్కా. మోచేతి దగ్గర మడత కత్తిలా ఉంది. హెడ్‌ఫోన్ చెవులకు పెట్టుకుని హాల్లో నలభై మందిని వెతుకుతున్నవాణ్ని, మైకుకు అందరికంటే దగ్గరగా ఉన్న గంజి చొక్కా నాదేనని ఒక్కసారి అనుకోలేదు. ఉద్యోగంలో చాలాసార్లు మాట పడ్డాను. అంత చిన్నబోయింది మాత్రం ఆ రోజే.

ఆమె ఆ మాటను అక్కడే వదిలేసి, మావోళ్లు ఏరి, బీరయ్య కనబడ్తలేడు అని అడిగారు.

నేను, లింగారెడ్డి సారు బయటికి పోయాం. గేటు అవతల పద్నాలుగు మంది నిలబడి ఉన్నారు. మోకాళ్లదాకా పంచె, తలకు రుమాలు, భుజాన నల్ల గొంగడి. ఆహ్వానపత్రికలో లింగారెడ్డి సారు నేను చెప్పిన మాటకు ఇంకో మాట కలిపాడట. తెల్లని నూలు వస్త్రాలు కానివారికి ప్రవేశం లేదని. గేటు దగ్గర ఉన్న కార్యకర్తలు దాన్ని తు.చ. తప్పకుండా పాటించారు. వాళ్లు తగువు పెట్టుకోలేదు. వాళ్లకు గోడ అవతల నిలబడి వినడం కొత్త కాదు. బీరయ్యకు డెబ్భై దాటి ఉంటాయి. ఎందుకు ఆగిందని అడిగాడు. చెయ్యి నొస్తాందా పంతులమ్మకు అన్నాడు. చెయ్యి బాగానే ఉంది, లోపల బట్టల చప్పుడు అని చెప్పాను.

"మాకు గీడికే వినొచ్చింది సారూ. మక్క ఇరిసినట్టు."

వాళ్లను లోపలికి రమ్మన్నాను. కిర్రుచెప్పులు గేటు దగ్గరే వరుసగా విడిచి, ఒట్టి కాళ్లతో నడిచి వచ్చారు. పద్నాలుగు మంది నా బల్ల పక్కనుంచి వేదిక దాకా నడిచారు. యాదగిరి అక్కడే హెడ్‌ఫోన్ పెట్టుకుని కూర్చుని ఉన్నాడు. వాళ్లు పోయిన తర్వాత నన్ను చూసి, సార్, ఎవరన్నా వచ్చిన్రా అని అడిగాడు. అప్పటిదాకా అతను తల వంచుకుని మీటరే చూస్తున్నాడు. పద్నాలుగు మంది పక్కనుంచి పోయిన సంగతి అతనికి మైకు చెప్పలేదు.

గొర్రె ఉన్ని చప్పుడు చేయదు సరికదా, పక్క చప్పుడును తాగుతుంది. స్టూడియో గోడలకు మేము వేలు పోసి అతికించే మెత్తలు చేసే పని అదే. నేను లింగారెడ్డి సారుతో వీళ్లను ముందు వరుసలో కూర్చోబెట్టాలి, తెల్లబట్టల వాళ్లను వెనక్కి పంపాలి అన్నాను. ఆయన ముఖం వాడిపోయింది.

"పిలిచి లేపుడు మర్యాద గాదు సార్. రేపు ఊర్ల నేనెట్ల తిరగాలె? పది దినాల సంది ఇల్లిల్లు తిరిగి చెప్పిన."

ఆయన బాధా న్యాయమే. వాళ్లు వచ్చింది ఆమెను గౌరవించడానికి, ఆయన చెప్పినట్టు నడుచుకున్నారు కూడా. వెనక్కి పంపితే సగం మంది ఇంటికే పోతారు. ఆమె మనుషులకు వాయిస్తానన్నారు, ఖాళీ జంపఖానాలకు కాదు. నేను హెడ్‌ఫోన్ తీసి ఆయన చెవులకు పెట్టాను. ముందు వరుసలో ఉన్న ఆయన బావమరిదిని చెయ్యి ఎత్తి దించమన్నాను. తర్వాత బీరయ్యను అదే పని చేయమన్నాను. లింగారెడ్డి సారు రెండూ విన్నాడు. ఇంకోసారి చేయించమన్నాడు. హెడ్‌ఫోన్ తీసి, తన చొక్కా అంచును రెండు వేళ్లతో పట్టుకుని, చెవి దగ్గర నలిపి చూసుకున్నాడు.

అప్పుడు బీరయ్య అన్నాడు, "గొంగడి పెద్దదే సారూ. ఇద్దరు ముగ్గురికి సరిపోతది. ఎవ్వరు లేసుడెందుకు?"

ఆ మాట నాకు తట్టలేదు. ముప్ఫై ఏళ్ల అనుభవం, రెండు డిప్లొమాలు ఉన్నవాణ్ని నేను. లింగారెడ్డి సారు వెళ్లి ముందు వరుసలో తన జాగాలో కూర్చుని, పక్కన చోటు చేసి, రా బీరయ్యా అన్నాడు. బీరయ్య కూర్చుని గొంగడి విప్పి ఆయన భుజాల మీంచి మోకాళ్లదాకా కప్పి, మిగతా సగం తాను కప్పుకున్నాడు. అధ్యక్షుడు కప్పుకున్న తర్వాత మిగతావాళ్లు ఏమంటారు? నవ్వుకుంటూ జరిగారు. ఇద్దరు తెల్లచొక్కాల మధ్య ఒక గొంగడి మనిషి చొప్పున ముందు మూడు వరుసలు సర్దుకున్నాయి. వెనకవాళ్లు కండువాలు తీసి మడిచి కింద పెట్టుకుని, చేతులు ఒళ్లో పెట్టుకున్నారు. గొంగడికి వాసన ఉంటుంది. ఎవరూ ముక్కు మూసుకోలేదు, మూసుకుంటే చప్పుడవుతుందని కాబోలు. యాదగిరి తన పాత బనియను ఒకటి సంచిలోంచి తీసి ఇస్తే, నేను తలుపు వెనక్కి పోయి చొక్కా మార్చుకుని వచ్చాను. ఓబీ బల్ల దగ్గర సీనియర్ ఇంజనీరింగ్ అసిస్టెంటు బనియను మీద కూర్చున్న కచేరీ మా శాఖలో అదొక్కటే అనుకుంటాను.

ఈ సర్దుబాటంతా అయ్యేదాకా ఒక ముసలి కురుమాయన తన గొంగడి కొసను ఆమె కుడి మణికట్టు మీద కప్పి ఉంచాడు. వెచ్చగా ఉంటే నరం వదులవుతదన్నాడు.

కల్యాణి మళ్లీ మొదలుపెట్టమని నేను అడగలేదు, అడిగే ముఖం లేదు. ఆమె బీరయ్యను చూసి ఏం వాయించాలె అన్నారు. మబ్బుల వాయించేది అన్నాడు అతను. మబ్బుల అంటే మా దిక్కు తెల్లవారకముందు. అది బౌళి. తెల్లవారుజాము రాగం సాయంత్రం ఐదు గంటలకు వాయించకూడదని సంగీతం తెలిసినవాళ్లు అంటారు. ఆమెకు అది తెలియక కాదు. ఆ రోజు అప్పటికే చాలా నియమాలు గొంగడి కింద ఉన్నాయి. ఆమె చెయ్యి బయటికి తీసుకుని బౌళి మీటారు.

దాని గురించి నేను ఎక్కువ చెప్పలేను. హెడ్‌ఫోన్‌లో నాకు మొదట వినిపించింది ఏమీ లేకపోవడం. ఆ ఏమీ లేకపోవడంలోకి మీటు పడింది. తర్వాత లోపలి స్వరం వచ్చింది, అది ఎక్కడిదాకా పోతుందో అక్కడిదాకా పోయింది, చెక్క మూలుగు కూడా వినిపించింది, చివరికి అది ఆగిపోయిందో నా చెవే ఆగిపోయిందో తెలియనంత సన్నగా అయింది. ముప్ఫై ఏళ్లలో తీగ చివరిదాకా నేను విన్నది అప్పుడే. కళ్లు తుడుచుకుంటే చప్పుడవుతుందని అట్లాగే కూర్చున్నాను. నలభై రెండు నిమిషాలకు ఆమె వేళ్లు మొద్దుబారడం మొదలైంది. మధ్యవేలిని వదిలేసి చూపుడువేలితోనే మరో ఐదు నిమిషాలు వాయించి, తొందరపడకుండా, ముగించాల్సిన చోట ముగించారు. చప్పట్లు కొట్టడానికి గొంగళ్లలోంచి చేతులు బయటికి రావడానికి కొంత టైము పట్టింది. ఆ నిశ్శబ్దం కూడా రికార్డులో ఉంది.

ఆపరేషన్ బాగానే జరిగింది. డాక్టరు చెప్పినట్టే ఆమె అన్నం తినగలిగారు, చీపురు పట్టగలిగారు. మీటు రాలేదు. ఆ ఎండాకాలం కచేరీ ప్రసారమైన తర్వాత, ఒక కాపీ తీసుకుని సొంత పనిమీద అన్నట్టు కొల్లాపూర్ పోయాను. ఆమె నన్ను ముందురోజు సాయంత్రమే వచ్చి ఉండమన్నారు. మర్నాడు తెల్లవారకముందే పెరటి గోడ మీద చిన్న స్పీకరు పెట్టించారు. గోడ అవతల మంద ఆగింది. బీరయ్య, మిగతావాళ్లు నిలబడి మొత్తం విన్నారు. పూర్తయ్యాక బీరయ్య నన్ను అడిగాడు.

"అందరు గూసున్నం గద సారూ. మేమేడ ఉన్నం గిండ్ల?"

మీరెక్కడా వినపడరు, అందుకే ఆమె చివరిదాకా వినపడింది అన్నాను. అతను, గట్లనా, అయితే ఇంకోపారి పెట్టు అన్నాడు. ఆమె కుడిచేతిని ఎడమచేతిలో పెట్టుకుని గడపలో కూర్చుని ఉన్నారు. పెట్టు నాయనా అన్నారు.

ఓబీ నివేదికలో పరిశీలనలు అని ఒక గడి ఉంటుంది. మామూలుగా అందులో వాతావరణం అనుకూలం అని రాస్తాం. నేను జరిగినదంతా రాశాను, చొక్కా సంగతితో సహా. మా అధికారి దాన్ని చదివి, సంతకం పెట్టి తిరిగి ఇచ్చాడు. రిటైరయ్యేదాకా మరెన్నో ఓబీలు చేశాను. సంగీత కచేరీకి మగవాళ్లు ఏం కట్టుకోవాలని ఇప్పటికీ ఎవరైనా అడిగితే, నాలుగుసార్లు ఉతికిన నూలు, గంజి లేకుండా అని చెబుతాను. అయితే ఆ ఓబీలన్నిటిలో ఆ సలహా కంటే ముందు నేను చేసిన పని ఒకటుంది. మైకు స్విచ్ వేసి, హెడ్‌ఫోన్ పెట్టుకుని, హాలు వైపు చూడకముందు, నా మోచేతిని నేనే ఒకసారి ఆడించి వినేవాణ్ని.